బావిలో వేసిన పొడికి పేరేమిటి

నీళ్ల పరీక్ష ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్లు కొందరు ఈమధ్య మా ఇంటికి వచ్చి, "మీ రోజుల్లో పని ఎలా ఉండేదండీ?" అని అడిగారు. ప్రమోషన్ల గురించి అడుగుతున్నారేమో అనుకున్నాను. కాదు, పని గురించే. కాఫీ తాగేలోపు చెప్పగలిగేది కాదు కనుక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మొదటే చెప్పేస్తున్నాను. మా పనిలో భయం ఎక్కువ. సీసాలో నీళ్లు చూసి జీతం పుచ్చుకునేవాడికి భయమేమిటని మా బావమరుదులు వెక్కిరించేవాళ్లు. సీసా మన బల్ల మీద ఉంటుంది, నిజమే. అవే నీళ్లు ఆ ఊళ్లో జనం తాగుతూనే ఉంటారు. మన ఫలితం తేలేదాకా వాళ్ల దాహం ఆగదు. ఆ సంగతి గుర్తుంటే అన్నం సహించదు. నాకు చాలాకాలం సహించలేదు. మా ఆవిడ అది నా ఒంటి జబ్బనుకుని కషాయాలు కాచి పోసేది.

ఏ కలవడం?

గుంటూరులో కెమిస్ట్రీ డిగ్రీ పుచ్చుకుని ప్రయోగశాలలో చేరిన మొదటివారంలోనే మా పెద్ద అనలిస్టు గారు నన్ను బల్ల దగ్గరకు పిలిచారు. ఆయన నశ్యం మనిషి. కోపం కూడా నశ్యం లాగే, ఉన్నట్టుండి వచ్చి తుమ్ముతో పోయేది. ఆయన ముందు రెండు గ్లాసులున్నాయి. ఒకదాంట్లో అమరావతి రేవు నుంచి తెచ్చిన వరద నీళ్లు, ఎర్రగా మట్టి మట్టిగా ఉన్నాయి. రెండోదాంట్లో ప్రత్తిపాడు అవతల ఒక పొలం బావి నీళ్లు, అద్దంలా ఉన్నాయి.

"ఏవి మంచివోయ్?"

తేట నీళ్లు చూపించాను. ఆయన ఆ తేట నీళ్లు పింగాణీ గిన్నెలో పోసి, ఇగిరిపోయేదాకా కాచారు. అడుగున తెల్లటి పొర కట్టింది. వేలితో గీరి నా నాలుక మీద పెట్టారు. చేదు, ఉప్పు, ఇంకేదో.

"మట్టి నీళ్లలో కలిసింది. ఉప్పూ నీళ్లలో కలిసింది. మట్టి పూటలో అడుక్కి దిగుతుంది. ఉప్పు నువ్వు ముసలాడివయ్యేదాకా కూర్చున్నా దిగదు. ఇక హైడ్రోజనూ ఆక్సిజనూ కూడా కలిసే నీళ్లయినాయి. ఒకటి భగ్గున మండేది, ఇంకొకటి మంటను పెంచేది. రెండూ కలిస్తే మంటను ఆర్పేది వచ్చింది. మన తెలుగులో అన్నిటికీ 'కలిసింది' అనేస్తాం. ఎవడైనా కలిసిందంటే, ఏ కలవడం అని అడుగు. అదే నీ ఉద్యోగం" అన్నారు.

ఆయనంటే నాకు పెద్ద ఇష్టమేమీ లేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం రిటైరయ్యేదాకా నాతోనే ఉంది. బురద కలవడం వేరు, ఉప్పు కరగడం వేరు, రెండు పదార్థాలు కలిసి మూడోది కావడం వేరు. మీరు కూడా దీన్ని పరీక్ష కోసం కాకుండా బతుకు కోసం నేర్చుకోండి. ఎందుకంటున్నానో ఇక ముందు రాసేది చదివితే తెలుస్తుంది.

మందు

ఒంగోలు జిల్లా అప్పటికి పుట్టలేదు. పర్చూరు వైపు ఊళ్లన్నీ మా గుంటూరు జిల్లాలోనే ఉండేవి. ఆ వైపు ఒక ఊళ్లో కలరా తగిలింది. ఊరి పేరు రాయను, అక్కడి వాళ్ల మనవలు ఇప్పుడు చదువుకుంటున్నారు. పత్తికి ఎండ్రిన్ అనే పురుగుమందు కొట్టడం అప్పుడప్పుడే ప్రతి రైతుకూ అలవాటవుతున్న రోజులు.

నల్లరేగడి ఊళ్ల నీళ్ల బాధ మీకు తెలిసిందే. ఏ బావి తవ్వినా ఉప్పే. ఈ ఊరికి అదృష్టం కొద్దీ ఒక మంచినీళ్ల బావి ఉంది. అది కాకుండా ఊరిపక్క వాగు. నీళ్లు తగ్గాక ఇసుకలో చెలమలు తవ్వుకుని కొబ్బరి చిప్పతో తోడుకుంటారు. తియ్యగా ఉంటాయి, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే ఆ చెలమలకు కాస్త ఎగువనే రోగుల బట్టలు ఉతుకుతున్నారు.

హెల్త్ ఆఫీసరు గారు జీపులో బ్లీచింగ్ పౌడరు డ్రమ్ములతో దిగారు. నేనూ ఒక కాంపౌండరూ వెంట ఉన్నాం. బావి వెడల్పూ లోతూ కొలిచి, తెల్ల కప్పుల్లో పరీక్ష పెట్టి, ఎంత పొడి కావాలో తేల్చాను. దాన్ని బక్కెట్లో నీళ్లతో మెత్తగా కలిపి, ముద్ద అడుక్కి దిగాక పైనున్న తేటను మాత్రమే బావిలో పోశాం. పని సవ్యంగానే జరిగింది.

ఊళ్లో దండోరా వేసే మనిషి పేరు ఏసోబు. ఆఫీసరు గారు అతన్ని పిలిచి, "బావిలో మందు కలిపాం, ఆ నీళ్లే తాగాలి, వాగు నీళ్లు ముట్టుకోవద్దని చాటు" అన్నారు. ఏసోబు డప్పు కొట్టుకుంటూ వీధి వీధీ తిరిగాడు.

"బావిలో మందు పెట్టారహో! వాగు నీళ్లు తాగొద్దహో!"

ఆ బావిలో చేద వేసే వీలు ఏసోబుకు లేదు. వాళ్ల పేటకు వేరే బావి, ఉప్పు నీళ్లదే, దాంట్లో కూడా మేమే పొడి వేశాం. తను తాగలేని నీళ్ల గురించి ఊరందరికీ తాగమని చాటిన మనిషి అతను. ఆ రోజుల సంగతి దాచి రాస్తే ఇదంతా రాయడమే దండగ.

సాయంత్రానికి బావి దగ్గర నరపురుగు లేదు. గిలక మీద తాడు పొడిగా ఉంది. జనమంతా వాగులో ఉన్నారు. మందు పెట్టడమంటే మన వైపు ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. అన్నంలోనో మజ్జిగలోనో ఏదో కలిపి మనిషిని చెడగొట్టడం. ఇక ఉత్త మందంటే పత్తి మీద కొట్టేది, పురుగును చంపేది. ఆఫీసరు గారు ఏసోబును నానా మాటలూ అన్నారు. ఆయన మందు కలిపాం అన్నారు, ఏసోబు నోట్లో అది పెట్టారు అయింది. ఇద్దరిలో ఎవరు ఎలా అన్నా జనం చెవిలో పడింది మందే.

వాగు దారిలో చివరి ఇల్లు మస్తాన్‌బీది. మిరప కోతలకూ పత్తి ఏరడానికీ కూలికి వెళ్లే మనిషి. ఆ కలరాలో పెద్ద కూతురిని పర్చూరు ఆసుపత్రికి బండిలో తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. ఇక మిగిలింది చిన్నది, ఖాసింబీ. పెళ్లీడు పిల్ల. చంకన వాగు నీళ్ల బిందెతో వస్తున్న మస్తాన్‌బీని నేను దారిలో ఆపాను.

"అమ్మా, ఆ నీళ్లొద్దు. పైన రోగుల బట్టలు ఉతికారు."

"నీళ్లు తేటగా ఉన్నయ్ కదయ్యా. చూడు."

"తేటగా ఉంటే చాలదమ్మా. బావి నీళ్లు తెచ్చుకోండి."

ఆవిడ బిందె దించి నా ముఖంలోకి చూసింది. "మా తమ్ముడు పత్తికి మందు కలిపిన చెంబుతోనే మర్చిపోయి మంచినీళ్లు తాగాడు బాబూ. నా ఒళ్లోనే పోయాడు. మీ బావి దగ్గరకెళ్తే గుప్పున వాసనొస్తంది. పురుగును చంపే మందు మనిషిని బతికిస్తదా? ఉన్నది ఒక్క పిల్ల నాకు."

బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పంతం పట్టినవాళ్లనైతే కసరొచ్చు. ఆవిడ బిడ్డను కాపాడుకోవడానికే ఆ నీళ్లు మోస్తోంది, ఆ నీళ్లే బిడ్డను తీసుకుపోవచ్చు.

సున్నం

ఆఫీసరు గారికి మరునాడు ఒక ఉపాయం తట్టింది.

"బ్లీచింగ్ పౌడరు దేంతో చేస్తారోయ్?"

"సున్నంతోనండి. నీళ్లు చల్లి పొడి చేసిన సున్నానికి క్లోరిన్ వాయువు పట్టిస్తారు."

"సున్నమే కదా! సున్నం వేశామని చాటించు. సున్నమంటే ఎవడికి భయం?"

"సున్నం వేరు, ఇది వేరండీ. సున్నమూ క్లోరినూ కలిసి కొత్త పదార్థం..."

"నీ పాఠాలు బళ్లో చెప్పుకో. ఇక్కడ జనం చస్తున్నారు" అని కసిరారు.

నా మాట శాస్త్రప్రకారం సరైనదే. కానీ మందు అనకూడదు, సున్నం అనకూడదు, మరేమనాలయ్యా అని ఆయన అడిగి ఉంటే నా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గర ఏదో ఒక మాట ఉంది. అందుకని ఆయన్ని మొత్తంగా తప్పు పట్టను. తొందర మనిషి, కానీ పిరికివాడు కాదు. రోగుల పక్కన కూర్చుని స్వయంగా సెలైన్ ఎక్కించేవారు.

"బావిలో సున్నం వేశారహో!" అని ఏసోబు చాటాడు. అందరికన్నా ముందు వచ్చింది వెంకటప్పయ్య గారు. పెద్ద రైతు, ఊళ్లో అందరికన్నా పెద్ద గొంతు. చేద వేసి తోడి, దోసిలి పట్టి తాగి, "ఒరేయ్, సున్నమేనంటరా! రోజూ ఆకులో నమలట్లా? రండెహే!" అని అరిచారు. ఆయన అరుపు డప్పు కన్నా దూరం పోయింది. మధ్యాహ్నానికి బావి చుట్టూ బిందెలే. ఖాసింబీ కూడా వచ్చి ఒక బిందె తోడుకుని వెళ్లింది. ఆ పూట నేను తృప్తిగా అన్నం తిన్నాను. ఆఫీసరు గారు పక్క ఊళ్లో కూడా రోగం తగిలిందని జీపెక్కి వెళ్లిపోయారు.

సాయంత్రం మళ్లీ పొడి కలిపాం. తేట బావిలో పోశాక అడుగున మిగిలిన ముద్దను దూరంగా పూడ్చిపెట్టడానికి కాంపౌండరు పార కోసం వెళ్లాడు. నేను గట్టుకు అవతలి వైపు సీసాకు నీళ్లు పడుతున్నాను. వెంకటప్పయ్య గారు గట్టు మీద కూర్చుని తమలపాకు తీశారు. ఆయన సున్నపు డబ్బీ అయిపోయింది. పక్కనే బక్కెట్లో తెల్లగా, మెత్తగా సున్నం. ఊరంతా సున్నమని చాటిన సున్నం. వేలితో తీసి ఆకుకు రాసి, మడిచి నోట్లో పెట్టుకున్నారు.

ఆ కేక నాకు ఇప్పటికీ వినబడుతుంది. నీళ్లతో పుక్కిలింపించాం, పాలు పట్టించాం. ప్రాణానికి ముప్పు లేదని కాంపౌండరు చెప్పాడు. కానీ నాలుక పొక్కిపోయి, పెదాలు వాచి, ఆ మనిషికి మాట పడిపోయింది. ఇంకో పావుగంటలో ఊళ్లో వేరే దండోరా అక్కర్లేకపోయింది. సున్నమని చెప్పి మందు పెట్టారు! వెంకటప్పయ్యకు మందు పెట్టారు!

నేను మస్తాన్‌బీ ఇంటి ముందుకు వెళ్లేసరికి ఆవిడ బావి నీళ్ల బిందెను వాకిట్లో బోర్లిస్తోంది. ఖాసింబీ ఇంకో బిందెతో వాగు వైపు నడుస్తోంది. ఆ పిల్లను చెయ్యి పట్టుకుని ఆపుదామా అనిపించింది. పరాయి ఆడపిల్ల, పైగా మందు పెట్టినవాణ్ని నేనే కదా. అక్కడే నిలబడిపోయాను.

ఎరుపు ఎక్కడిది?

తెల్లవారాక కొత్తగా మరొకరికి రోగం సోకిందని తెలిసింది. వాగు నీళ్లు తాగిన ఇల్లే. మస్తాన్‌బీ ఇంటికి పోయి కాళ్లు పట్టుకోవాలన్నంత ఆదుర్దాగా వెళ్లాను. ఆవిడ అరుగు మీద కూర్చుని ఆకు వేసుకుంటోంది. ఖాసింబీ గుమ్మంలో గచ్చకాయలాడుకుంటున్నట్టు ఊరికే నేల మీద వేళ్లు తిప్పుతోంది. పిల్ల బాగానే ఉంది, అప్పటికి.

"మళ్లీ వచ్చావా?" అంది మస్తాన్‌బీ. "ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. అది మందా, సున్నమా?"

"రెండూ కాదమ్మా."

"మరేంది?"

ఆవిడ నోరు చూశాను. ఎర్రగా పండింది.

"అమ్మా, మీరు వేసుకున్న ఆకు రంగేమిటి?"

"పచ్చన."

"సున్నం?"

"తెల్లన. వక్క గోధుమ రంగు. అయితే ఏంది?"

"మరి నోట్లో ఎరుపు ఎక్కడ నుంచి వచ్చింది?"

ఆవిడ వేలు నోట్లో పెట్టి తీసి చూసుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే, కొత్తగా చూసింది. ఖాసింబీ కూడా వేళ్లు ఆపి తల్లి నోరు చూసింది.

"సున్నమూ వక్కా కలిసి ఎరుపు పుట్టిందమ్మా. అది సున్నం కాదు, వక్కా కాదు. కొత్తది. అలాగే సున్నానికి ఒక ఘోరమైన గాలిని పట్టిస్తే ఈ పొడి పుట్టింది. సున్నం నుంచి వచ్చినా సున్నం కాదు. అందుకే వెంకటప్పయ్య గారి నోరు కాలింది. పత్తికి కొట్టే మందు కూడా కాదు, దానికీ దీనికీ చుట్టరికం లేదు."

"నోరు కాలిందిగా మరి?"

"కారం ముద్ద ఉత్తది నోట్లో వేసుకుంటే కాలదా? అదే ముద్ద కుండెడు పులుసులో వేస్తే?"

మస్తాన్‌బీ ఆకు నములుతూ తన అరచేతులు చూసుకుంది. మిరప కళ్లాల్లో పని చేసిన మనిషి, చేతులు మండి రాత్రంతా నిద్ర లేకుండా గడిపిన మనిషి.

"ఘాటన్నమాట" అంది. "కుండలో పోసి ఉంచితే ఘాటు పోద్దా?"

"పోద్దమ్మా. అది నీళ్లలో ఉన్న రోగాన్ని చంపి, తనూ అయిపోతుంది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! మందంటిరి, సున్నమంటిరి!"

నమ్మేసిందనుకోకండి. బావి నుంచి ఒక బిందె తెచ్చింది. కొత్త కుండలో పోసి మూత పెట్టింది. గంటకోసారి మూత తీసి వాసన చూసింది. ఘాటు తగ్గాక, పిల్లకు కాదు, తను తాగింది. ఆ రోజంతా తనకేమవుతుందో చూసుకుంది. అందాకా ఖాసింబీకి పత్తికట్టెలు పెట్టి కాచిన నీళ్లే ఇవ్వమని బతిమాలాను, ఇచ్చింది. మరునాడు నేను చూస్తుండగానే కుండలోంచి గ్లాసుతో ముంచి పిల్లకిచ్చింది. పిల్ల తాగుతున్నంతసేపూ తల్లి దాని గొంతు వంకే చూసింది. నేనూ అంతే.

ఏసోబును మళ్లీ పిలిచాను. "ఈసారి మాట సరిగ్గా చూసుకుని చెప్పండయ్యా. తిట్లు తినేది నేనే కదా" అన్నాడు. ఏమని చాటాలో చెప్పి, నోటితో అనిపించి, మళ్లీ అనిపించాను.

"బావిలో ఘాటు పొడి వేశారహో! ఘాటు పోయిందాకా కుండలో ఉంచి తాగాలహో! ఉత్త పొడి ముట్టుకుంటే నోరు కాలుద్దహో!"

మీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. మీ రిపోర్టులో పేరు సరిగ్గా ఉంటే సరిపోదు. అది ఏసోబు నోట్లో ఏమవుతుంది, మస్తాన్‌బీ చెవిలో ఏమవుతుంది అని కూడా చూడాలి. మందు అన్నప్పుడు జనం మంచినీళ్లకు దూరమయ్యారు. సున్నం అన్నప్పుడు విషాన్ని నాలుక మీద పెట్టుకున్నారు. భయమూ పూర్తిగా పోకూడదు, తాగడమూ ఆగకూడదు. అలాంటి మాట పుస్తకాల్లో నాకు దొరకలేదు.

వెంకటప్పయ్య గారు వాచిన మూతితోనే బావి దగ్గరకు వచ్చి గిలక దగ్గర నిలబడ్డారు. మాట లేదు. నోరు చూపించి, బక్కెట్ చూపించి, చెయ్యి అడ్డంగా ఊపేవారు. నీళ్లు చూపించి తల నిలువుగా ఊపేవారు. ఆయన నోరు మూసుకుని ఉండటం ఎన్నడూ చూడని జనం, అది చూడ్డానికైనా వచ్చారు.

ఎదురుచూపు

పని అక్కడితో అయిపోయిందని పై అధికారులు అనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలు. ఖాసింబీ అంతకుముందు తాగిన వాగు నీళ్ల సంగతి? అవి లోపల ఏం చేస్తున్నాయో ఏ కప్పులో పరీక్ష పెట్టి చెప్పను? ఇప్పుడు ఆ పిల్లకు రోగం వస్తే వాగు వల్లనని ఎవరూ అనరు. బావి వల్లనే అంటారు. తల్లి చేత్తో పోసిన నీళ్లు అవి. ఆ తరవాత ఆ ఊళ్లో ఎవరూ ఆ బావిలో చేద వెయ్యరు. అన్నిటికన్నా ముందు, ఆ తల్లికి నేను ముఖం ఎలా చూపించను?

రోజూ పొద్దున్నే ఏదో పని ఉన్నట్టు ఆ వీధిలోంచి నడిచేవాణ్ని. గుమ్మంలో పిల్ల కనబడితే ఆ రోజు గడిచినట్టు. పలకరించేవాణ్ని కాదు.

ఒక పొద్దున పిల్ల కనబడలేదు. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల అలికిడి లేదు. తలుపు తడదామని అరుగు దాకా వెళ్లాను. అంతలో మస్తాన్‌బీ చీపురుతో ఇంటి వెనక నుంచి వచ్చింది.

"ఏందయ్యా, రోజూ మా గడప ముందు తచ్చాడతన్నావు? నలుగురూ ఏమనుకుంటారు?"

"పిల్ల... ఖాసింబీ ఏదమ్మా?"

"నీళ్లకెళ్లింది."

"ఎక్కడికి?"

"ఇంకెక్కడికి? ఘాటు బావికి" అంది, ఆ బావికి ఎప్పటి నుంచో అదే పేరన్నట్టు.

నేను ఆ అరుగు మీదే కూలబడ్డాను. ఆవిడ నా ముఖం చూసి ఏమనుకుందో, లోపలికి వెళ్లి కుండలోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి, వాసన చూడకుండా, వెలుతురుకు ఎత్తి చూడకుండా గటగటా తాగేశాను.